మేడ మీదికి వైఫై: పాత రూటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా పెట్టుకోవడం

కింద హాల్లో టీవీ వెనకాల ఫైబర్ మోడెమ్ ఉంటుంది. చదువుకునే గది, పడకగది మేడ మీద ఉంటాయి. మధ్యలో ఐదారు అంగుళాల స్లాబు, దాని నిండా అల్లిన ఇనుప చువ్వలు. మన ఇళ్ల నిర్మాణమే ఇది కాబట్టి కింద 200 ఎంబీపీఎస్ అందుకునే ఫోను పైకెళ్లగానే ఐదుకో పదికో పడిపోవడం మామూలు. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ స్లాబు దాటేసరికి పనికిరానంతగా తగ్గిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ కాస్త దాటుతుంది, కానీ ఆ బ్యాండులో చుట్టుపక్కల ఇళ్ల రూటర్లన్నీ కూడా మాట్లాడుతూ ఉంటాయి. ప్లాన్ 200 నుంచి 500కి మార్చుకున్నా మేడ మీద రవ్వంత తేడా రాదు. ఇబ్బంది నెట్ కంపెనీ నుంచి వచ్చే తీగలో లేదు, స్లాబులో ఉంది.

చాలామంది ముందుగా కొనేది రిపీటర్. గోడ సాకెట్లో గుచ్చితే చాలు, సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి. కానీ ఆ గీతలు ఫోనుకీ రిపీటర్‌కీ మధ్య సిగ్నల్‌ని మాత్రమే చెబుతాయి. రిపీటర్‌కి కింది నుంచి అందేది మళ్లీ ఆ స్లాబు దాటి వచ్చిన నీరస సిగ్నలే. పైగా ఒకే రేడియోతో వినాలి, అదే రేడియోతో తిరిగి చెప్పాలి కాబట్టి వేగం సగానికి సగం అక్కడే పోతుంది. అద్దె ఇంట్లో తీగ లాగే వీలు లేనప్పుడు తప్ప నేను రిపీటర్ కొనమని చెప్పను. సొంతిల్లైతే కింది నుంచి పైకి ఒక్క లాన్ కేబుల్ లాగి, దాని కొసన యాక్సెస్ పాయింట్, అంటే తీగలో వచ్చిన నెట్‌ని వైఫైగా ఇచ్చే డబ్బా పెట్టండి. అటకమీద పడి ఉన్న పాత రూటర్ దీనికి చక్కగా సరిపోతుంది.

మనం రూటర్ అనే డబ్బాలో నిజానికి మూడు యంత్రాలున్నాయి: ఇంటికీ బయటి నెట్‌కీ మధ్య దారి చూపుతూ అడ్రసులు పంచే రూటర్, నాలుగు పోర్టుల స్విచ్, వైఫై రేడియో. పాత డబ్బాలో మొదటిదాన్ని పడుకోబెట్టి మిగతా రెండింటినీ వాడుకోవడమే మొత్తం పని. ఇంట్లో అడ్రసులు పంచే డబ్బా ఒక్కటే ఉండాలి. ఈ ఒక్క విషయం గుర్తుంటే కింద చెప్పే తప్పుల్లో సగం మీ దగ్గరికి రావు.

ముందు కేబుల్

సెట్టింగులకు పావుగంట చాలు, కేబుల్‌కి ఒక పూట పడుతుంది. దారి వెతికేటప్పుడు మొదట చూడాల్సింది డాబా మీది డిష్ నుంచి హాల్లోకి దిగిన పైపు. చాలా ఇళ్లలో అది మేడ గదుల పక్కనుంచే వెళుతుంది, లోపల ఒక్క డిష్ కేబులే ఉంటుంది. డిష్ వాడకం మానేసి ఉంటే ఆ పాత కేబుల్‌నే లాగుడు తాడుగా వాడుకోవచ్చు: కొసకు లాన్ కేబుల్‌ని, దాంతోపాటు ఒక నైలాన్ తాడునూ టేపుతో బిగించి అవతలి నుంచి లాగండి. ఆ తాడు పైపులోనే ఉండిపోతే రేపు ఇంకో కేబుల్ వేయడానికి అక్కరకొస్తుంది. జాక్ కొట్టిన కేబుల్ పైపు వంపుల్లో ఇరుక్కుంటుంది కాబట్టి ముందు లాగి తర్వాతే జాక్ కొట్టాలి.

కరెంటు వైర్లున్న పైపులోకి మాత్రం లాన్ కేబుల్ దూర్చకండి. ఎలక్ట్రీషియన్ తేలిక దారి అని చెప్పినా ఒప్పుకోవద్దు. 230 వోల్టుల వైరు తోలు ఎక్కడైనా లేచిపోయిందంటే ఆ కరెంటు నేరుగా రూటర్లోకి, అక్కడి నుంచి మీ చేతిలోకి వస్తుంది. గోడ మీద పక్కపక్కన పోవాల్సి వస్తే జానెడు దూరం ఉంచి, ఒకదాన్నొకటి దాటాల్సిన చోట అడ్డంగా దాటించండి.

క్యాట్ 6 అని రాసి ఉన్నదల్లా ఒకటే కాదు. చవగ్గా దొరికే కేబుల్లో అల్యూమినియం తీగకు రాగి పూత ఉంటుంది, తోలు మీద సన్నటి అక్షరాల్లో సీసీఏ అని ఉంటుంది. అదీ రాయకపోతే ఒక పోగుని బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియమే. అది జాక్ దగ్గర రెండుసార్లు వంచితే తెగుతుంది. రాగి కంటే నిరోధం ఎక్కువ కాబట్టి కేబుల్లోంచే కరెంటు పంపాలనుకుంటే దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. ఇంట్లో కావాల్సింది పాతిక ముప్పై మీటర్లే. గోడలోకి వెళ్లాక మార్చలేనిది కాబట్టి పూర్తి రాగి కేబులే కొనండి. మామూలు గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, క్యాట్ 5ఈ కూడా చాలు. ఒక మోడెమ్ నుంచి ఒక డబ్బా వరకు దూరం 100 మీటర్లు మించకూడదన్న నియమం ఇళ్లలో ఎలాగూ అడ్డురాదు.

జాక్ కొట్టే రంగుల వరస రెండు కొసల్లోనూ ఒకటే ఉండాలి. జాక్ కొక్కెం కిందికి ఉంచి, రాగి పళ్లు మనవైపు కనిపించేలా పట్టుకుంటే ఎడమ నుంచి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. మూడో తీగ, ఆరో తీగ ఒక జత, మధ్యలో నీలం జత. ఇక్కడే తప్పు జరుగుతుంది. చూడ్డానికి నీటుగా ఉందని నాలుగు జతల్నీ పక్కపక్కనే పేర్చి రెండు వైపులా అలాగే కొడితే టెస్టర్లో ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతాయి, కానీ వేగం రాదు, లింకు పోతూ వస్తూ ఉంటుంది. ఒకే సిగ్నల్ మోసే రెండు తీగలు ఒకదానితో ఒకటి మెలేసుకుని ఉంటేనే పక్క జతల రొద తగలదు. వేర్వేరు మెలికల్లోకి పోతే ఆ రక్షణ పోతుంది. చవక టెస్టర్ తీగ తెగిందా లేదా అన్నదే చెబుతుంది, ఇది పట్టుకోలేదు. జాక్ దగ్గర మెలికలు విప్పడం కూడా అరంగుళం దాటకుండా చూసుకోండి, పైతోలు జాక్ లోపలికి వెళ్లి బిగుసుకోవాలి.

కేబుల్ పెట్టాక స్పీడ్ టెస్ట్ ఎన్నిసార్లు చేసినా 94, 95 దగ్గరే ఆగిపోతోందా? అది 100 ఎంబీపీఎస్ లింకు ఆనవాలు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. 100కి నారింజ, ఆకుపచ్చ జతలు చాలు. నీలంలోనో గోధుమలోనో ఒక్క తీగ సరిగ్గా అతుక్కోకపోయినా రెండు డబ్బాలూ మారుమాట్లాడకుండా 100కి దిగిపోతాయి. ముందు జాక్ తిరిగి కొట్టి చూడండి. అయినా మారకపోతే పాత రూటర్ పోర్టులే 100వి అయ్యుండొచ్చు, అడుగున స్టిక్కర్ మీదో కంపెనీ సైట్లోనో తెలుస్తుంది. ప్లాన్ 100 లోపుదైతే ఆ రూటర్‌తోనే హాయిగా గడిచిపోతుంది.

సెట్టింగులు

పాత రూటర్‌ని ఇంకా కింది నెట్‌వర్కుకి తగిలించకండి. వెనక రీసెట్ రంధ్రంలో పిన్నీసు గుచ్చి పది సెకన్లు నొక్కిపట్టండి. లైట్లన్నీ ఒకసారి ఆరి వెలిగాక ల్యాప్‌టాప్‌ని దాని లాన్ పోర్టుకి కేబుల్‌తో కలిపి, ల్యాప్‌టాప్ వైఫై ఆపేసి, స్టిక్కర్ మీదున్న అడ్రసు బ్రౌజర్లో కొట్టండి. మామూలుగా 192.168.0.1 గానీ 192.168.1.1 గానీ ఉంటుంది.

సెట్టింగుల్లో ఆపరేషన్ మోడ్ అనే చోట యాక్సెస్ పాయింట్ మోడ్ కనిపిస్తే మీ అదృష్టం. అది ఎంచుకుంటే అడ్రసులు పంచడం దానంతటదే ఆగిపోతుంది, చాలా రూటర్లలో వాన్ పోర్టు (బయటి నెట్ తీగ పెట్టేది) కూడా లాన్ పోర్టులా మారిపోతుంది. ఆ తర్వాత రూటర్ తన అడ్రసు కింది మోడెమ్ దగ్గర తీసుకుంటుంది కాబట్టి పాత అడ్రసులో పేజీ తెరుచుకోదు. పాడైందని కంగారుపడి మళ్లీ రీసెట్ కొట్టకండి. మోడెమ్ పేజీలో కనెక్ట్ అయిన పరికరాల జాబితా చూస్తే కొత్త అడ్రసు దొరుకుతుంది.

ఆ మోడ్ లేని రూటర్లకు చేత్తో చేయాలి, ఇక్కడ వరస ముఖ్యం. కింది మోడెమ్ అడ్రసు 192.168.1.1 అనుకుందాం. ముందు మోడెమ్‌లో డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రసులు పంచే సర్వీసు) పంచే అడ్రసులు ఎక్కడి నుంచి ఎక్కడి దాకానో చూడండి. 2 నుంచి 254 దాకా ఉంటే దాన్ని 50 నుంచి 200కి కుదించండి. దానివల్ల 192.168.1.2 ఎవరికీ పోకుండా ఖాళీగా మిగులుతుంది. ఇప్పుడు పాత రూటర్లో వైఫై పేరు, పాస్‌వర్డు, అడ్మిన్ పాస్‌వర్డు పెట్టేసి, తర్వాత లాన్ పేజీలో దాని అడ్రసు 192.168.1.2 చేయండి. అది రీస్టార్ట్ అయ్యాక ల్యాప్‌టాప్ కేబుల్ ఒకసారి పీకి పెట్టి, 192.168.1.2లో లాగిన్ అయి, చివరగా డీహెచ్‌సీపీ ఆపండి. దీన్ని ముందే ఆపేస్తే రీస్టార్ట్ తర్వాత ల్యాప్‌టాప్‌కి అడ్రసు ఇచ్చేవాళ్లుండరు, పేజీ తెరుచుకోదు. అలా ఇరుక్కుపోతే ల్యాప్‌టాప్‌కి చేత్తో, రూటర్ అడ్రసు 192.168.0.1 అయితే 192.168.0.10, 192.168.1తో మొదలైతే 192.168.1.10, సబ్‌నెట్ మాస్కు 255.255.255.0 ఇచ్చి లోపలికి వెళ్లండి. పాత రూటర్ లాన్ పేజీలో గేట్‌వే, డీఎన్‌ఎస్ గడులుంటే రెండింట్లోనూ 192.168.1.1 ఇవ్వండి. అవి లేకపోయినా వైఫై పనిచేస్తుంది, కానీ ఆ డబ్బా తన సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తాను తెచ్చుకోలేదు, గడియారం కూడా తప్పుగా చూపిస్తుంది.

ఇప్పుడు పైకి తీసుకెళ్లి, కింది నుంచి వచ్చిన కేబుల్‌ని లాన్ పోర్టులో పెట్టండి. వాన్ పోర్టు ఖాళీగానే ఉంటుంది. రంగు వేరేగా ఉందని, ఇంటర్నెట్ అని రాసి ఉందని చాలామంది చేయి అటే పోతుంది. అడ్రసు, డీహెచ్‌సీపీ మార్చకుండా అందులో పెట్టినా ఒక్కోసారి నెట్ వస్తుంది, అందుకే ఈ తప్పు నెలల తరబడి బయటపడదు. ఫోను ఒక నెట్‌వర్కులో, టీవీ ఇంకో నెట్‌వర్కులో ఉండిపోతాయి. యూట్యూబ్ ఆడుతుంది, కానీ పై గదిలోని ఫోను నుంచి కింది టీవీకి కాస్ట్ చేయబోతే టీవీ కనిపించదు, ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటుంది. ఫోను అడ్రసు 192.168.0తో, టీవీ అడ్రసు 192.168.1తో మొదలైతే కారణం ఇదే.

ఇంకో తప్పు డీహెచ్‌సీపీ ఆపడం మర్చిపోవడం. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. కొత్తగా వచ్చిన ఫోను అడ్రసు అడగ్గానే ఏ డబ్బా ముందు పలికితే దాని మాటే చెల్లుతుంది. పై డబ్బా పలికితే నెట్‌కి దారి నేనే అని తన అడ్రసు ఇస్తుంది, దానికేమో బయటికి దారే లేదు. ఫోనులో వైఫై గుర్తు, పక్కన 'ఇంటర్నెట్ లేదు' అనే మాట. ఇంట్లో ఇద్దరికి వస్తూ ఇద్దరికి రాకపోవడం, కింద వాడుతున్నవాళ్లకి కూడా ఉన్నట్టుండి పోవడం దీని లక్షణం. రెండు డబ్బాలకూ 192.168.1.1 ఉండిపోతే నెట్ నిమిషానికోసారి వచ్చిపోతూ ఉంటుంది. ఓపెన్‌వర్ట్ (కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు రూటర్లో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) వేసుకున్నవాళ్లు లాన్ ఇంటర్‌ఫేస్‌లో మామూలు డీహెచ్‌సీపీతోపాటు ఐపీవీ6 ట్యాబులోని ఆర్‌ఏ సర్వీసు, డీహెచ్‌సీపీవీ6 కూడా ఆపాలి.

పై రూటర్‌కి రెండు కేబుళ్లు కలిపితే వేగం రెట్టింపవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఒకే స్విచ్ నుంచి ఒకే డబ్బాకి రెండు తీగలు పెడితే పాకెట్లు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. లైట్లన్నీ ఒక్కసారిగా పిచ్చిగా మెరుస్తాయి, ఇల్లంతా నెట్ ఆగిపోతుంది. ఒక తీగ పీకితే క్షణంలో సర్దుకుంటుంది.

పేరు, ఛానెల్, పవర్

పైకీ కిందికీ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డు, ఒకే రకం సెక్యూరిటీ పెట్టండి. 'మేడ', 'కింద' అని వేరు పేర్లు పెడితే ఫోను మెట్లు దిగినా మేడ సిగ్నల్‌నే పట్టుకుని వేలాడుతుంది. అక్షరాల్లో చిన్న పెద్ద తేడా వచ్చినా వేరే నెట్‌వర్కు కిందే లెక్క. సెక్యూరిటీకి రెండింట్లోనూ డబ్ల్యూపీఏ2 పెట్టడం ఇబ్బంది లేని పద్ధతి. కేవలం డబ్ల్యూపీఏ3 పెడితే స్మార్ట్ బల్బులు, పాత ప్రింటర్లు కనెక్ట్ కావు.

పేరు ఒకటే కావాలి, ఛానెల్ మాత్రం వేరు కావాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మూడే. కింద 1 ఉంటే పైన 6 గానీ 11 గానీ పెట్టి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. 40 పెడితే పక్కింటివాళ్లకీ మీకూ ఇద్దరికీ నష్టం. 3, 4, 8 లాంటి మధ్య నంబర్లు తెలివైన ఎంపికలా కనిపిస్తాయి, కానీ అవి రెండువైపుల వాళ్లతోనూ గొడవ పెట్టుకుంటాయి.

5 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికి 36, ఇంకోదానికి 149, వెడల్పు 80. మన దేశంలో 2018 అక్టోబరులో 5150 నుంచి 5350, 5470 నుంచి 5875 మెగాహెర్ట్జ్ వరకు వైఫైకి లైసెన్సు అక్కర్లేకుండా చేశారు కాబట్టి ఛానెళ్లకు కొదవ లేదు. రూటర్లో దేశం ఇండియా అని ఎంచుకుంటే చాలు. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లు రాడార్లతో పంచుకునేవి. వాటిలో పనిచేసే రూటర్ ఆన్ కాగానే రాడార్ ఉందేమోనని కనీసం 60 సెకన్లు వింటుంది, ఆ తర్వాతే మాట్లాడుతుంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ 5 గిగాహెర్ట్జ్ పేరు ఆలస్యంగా కనిపిస్తోందంటే కారణం అదే. కరెంటు కోతలుండే ఊళ్లో 36, 149తో సరిపెట్టుకోవడం మేలు.

ఏ యాక్సెస్ పాయింట్‌కి అతుక్కోవాలో తేల్చుకునేది ఫోనే. ఐఫోన్ తాను పట్టుకున్న సిగ్నల్ మైనస్ 70 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకి దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ) దాకా దిగితే గానీ వేరేదాన్ని వెతకడం మొదలుపెట్టదు. కాబట్టి రెండు డబ్బాల పవరూ పూర్తిగా పెంచి ఉంచితే ఫోను దూరపుదాన్నే వదలదు. ఫోనుకి రూటరంత గొంతు లేదు, రూటర్ మాట వినిపించినా దీని జవాబు అక్కడిదాకా చేరదు. మెట్ల దగ్గర ఫోను మారకుండా మొండికేస్తుంటే ముందుగా 2.4 పవర్‌ని మధ్యస్థానికో తక్కువకో దించండి. ఫోను ఒక డబ్బా నుంచి ఇంకోదానికి త్వరగా మారేందుకు సాయపడే 802.11ఆర్ లాంటి సౌకర్యాలు పాత రూటర్లలో ఉండవు, ఉన్నచోట కూడా పాత పరికరాలు వాటితో తికమకపడతాయి. ఇంటికి అక్కర్లేదు.

డబ్బా పెట్టే చోటు కూడా చూడాలి. బీరువా మీద, టీవీ వెనక, ఫ్రిజ్ పక్కన, నీళ్ల ట్యాంకు కింద పెట్టకండి. ఇనుము సిగ్నల్‌ని తిప్పికొడుతుంది, నీళ్లు మింగేస్తాయి. గది మధ్యకు దగ్గరగా, మనిషెత్తుకి పైన గోడకి తగిలించండి. యాంటెన్నాలు నిలువుగా ఉంటే సిగ్నల్ పక్కలకు పరుచుకుంటుంది. మేడ మీది డబ్బా ఆ అంతస్తుకే కాబట్టి నిలువుగానే ఉంచండి.

కరెంటు

కరెంటు పోయినా నెట్ నిలవాలంటే కింద మోడెమ్‌కీ పైన రూటర్‌కీ రెండింటికీ బ్యాకప్ కావాలి. ఇన్వర్టర్ మారే క్షణంలో రూటర్ రీస్టార్ట్ అవుతుంటే చిన్న డీసీ యూపీఎస్ పెట్టుకోవచ్చు. కొనేముందు అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు, పిన్నులో ప్లస్ మైనస్ ఎటో చూపే గుర్తు చూడండి. 9 వోల్టుల రూటర్‌కి 12 తగిలిస్తే కాలిపోవచ్చు, ఆంపియర్లు మాత్రం ఎక్కువున్నా ఫర్వాలేదు.

పాతది కాకుండా కొత్త సీలింగ్ యాక్సెస్ పాయింట్ కొంటుంటే లాన్ కేబుల్లోంచే కరెంటు తీసుకునే రకం కొనండి. పైన ప్లగ్గు అక్కర్లేదు, కింద ఒకే యూపీఎస్ రెండింటినీ నడుపుతుంది. ఇలా కరెంటు పంపడాన్ని పీఓఈ అంటారు, దానికి రెండు ప్రమాణాలు చూస్తారు: 802.3ఏఎఫ్ అంటే పంపేచోట 15.4 వాట్లు, చేరేచోట 12.95. 802.3ఏటీ అంటే 30, 25.5. ఈ రెండూ అవతల సరైన పరికరం ఉందని తేల్చుకున్నాకే కరెంటు వదులుతాయి. 24 వోల్టుల పాసివ్ ఇంజెక్టర్ (కేబుల్లోకి కరెంటు ఎక్కించే చిన్న డబ్బా) అలా అడగదు, ఏది తగిలిస్తే దాంట్లోకి కరెంటు తోసేస్తుంది. దాని కేబుల్ పొరపాటున ల్యాప్‌టాప్‌లో పెడితే పోర్టు కాలిపోవచ్చు. ఇంజెక్టర్‌కి రెండు రంధ్రాలుంటాయి: లాన్ అని రాసినది మోడెమ్ వైపు, పీఓఈ అని రాసినది యాక్సెస్ పాయింట్ వైపు. తారుమారైతే డబ్బా వెలగదు.

పరీక్ష

ఆండ్రాయిడ్‌లో వైఫై ఎనలైజర్ యాప్ ఏదైనా వేసుకుని గదిగదికీ తిరగండి. మంచం మీద, బల్ల దగ్గర మైనస్ 65 డీబీఎం కంటే మెరుగ్గా, అంటే 60, 55 వైపు ఉంటే చాలు. ఐఫోన్‌లో ఆపిల్ వాళ్ల ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ యాప్‌కి ఫోను సెట్టింగుల్లో వైఫై స్కానర్ ఆన్ చేస్తే ఇదే కనిపిస్తుంది. తర్వాత ల్యాప్‌టాప్ నుంచి 192.168.1.1కి ఒక పింగ్ (జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే ఆదేశం), బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి ఒక పింగ్ నడుపుతూ ఉండండి. మొదటిది నిలకడగా నాలుగైదు మిల్లీసెకన్లలో వస్తూ రెండోది తడబడితే తప్పు ఇంట్లో లేదు, నెట్ కంపెనీకి ఫోన్ చేయండి. మొదటిదే తడబడితే జాక్, ఛానెల్, చోటు, ఈ వరసలో వెతకండి. వీడియో కాల్ మాట్లాడుతూ మెట్లు దిగి చూడండి, ఒకటి రెండు సెకన్లు ఆగి అందుకుంటే మార్పు సరిగ్గా జరుగుతున్నట్టే.

ఒక హెచ్చరిక: గెస్ట్ నెట్‌వర్క్ అనే సౌకర్యం చాలా ఇంటి రూటర్లలో రూటర్ మోడ్‌లోనే నిజంగా పనిచేస్తుంది. యాక్సెస్ పాయింట్‌గా మార్చాక పేరు కనిపిస్తుంది గానీ అందులో చేరినవాళ్లు మీ సీసీ కెమెరా, ప్రింటర్ ఉన్న నెట్‌వర్కులోకే వచ్చేస్తారు. గెస్ట్ పేరుతో కనెక్టయి 192.168.1.1 తెరిచి చూడండి. మోడెమ్ పేజీ కనిపిస్తే పైన గెస్ట్ ఆపేసి, కింద మోడెమ్‌లో మాత్రమే ఉంచండి. పైన కూడా తప్పనిసరి అనుకుంటే వీలాన్ (ఒకే తీగలో నెట్‌వర్కుల్ని విడివిడిగా ఉంచే పద్ధతి) తెలిసిన రూటర్, స్విచ్ కొనాలి, అది వేరే ఖర్చు.

అంతా కుదిరాక ఒక తెల్ల స్టిక్కర్ మీద 192.168.1.2 అని, లాన్ పోర్టులోనే కేబుల్ పెట్టాలని రాసి డబ్బా అడుగున అంటించండి. ఆరు నెలల తర్వాత సున్నాలు వేసేటప్పుడు పెయింటర్లు తీగలన్నీ పీకేస్తారు, అప్పుడు తిరిగి పెట్టేది మీరు కాకపోవచ్చు.